ఆగని మిల్లు

జనగామ మార్కెట్ వెనక రామ్మోహన్ సేటు రైస్‌మిల్లులో ముత్యం ఇరవై రెండేళ్లుగా ఫిట్టరు. సేటుకు వడ్లు తెలుసు, లారీలు తెలుసు. మిషన్ల సంగతిలో మాత్రం ఓనమాలు కూడా రావని ముత్యం గట్టి నమ్మకం.

పొట్టు తీసే మిషన్ ముసలిది, నెలకు మూడుసార్లు మొరాయిస్తుంది. దానికీ పాలిష్ మిషన్‌కూ నడుమ ముత్యం ఒక పెద్ద ఇనుప తొట్టి పెట్టించి, దాన్నెప్పుడూ ముడిబియ్యంతో నిండుగా ఉంచుతాడు. కూలీలు దాన్ని సద్ది తొట్టి అంటారు. పొట్టు మిషన్ పడకేసినా, పాలిష్ మిషన్ నలభై నిమిషాలు ఆ సద్ది తింటూ నడుస్తుంది. ఆలోపు ముత్యం బాగుచేసేస్తాడు. బస్తాలు లారీకెక్కుతూనే ఉంటాయి.

మిషన్ ఆగితే రాయడానికి ఒక రిజిస్టరుంది. ముత్యం ఏనాడూ రాయలేదు. రాస్తే మాత్రం సేటుకేం సమజవుతుందని చులకన. ఆ చులకనలో వాడికి మహా సంతోషం.

సేటు మేనల్లుడు అరవింద్ హైదరాబాద్‌లో ఏదో చదివి లాప్‌టాప్‌తో దిగాడు. చొక్కాకు తవుడంటుతుందని మూడు రోజులు ఆఫీసు ఫ్యాను కిందే కూర్చుని మిల్లు గురించి అంతా తేల్చేశాడు. నాలుగోనాడు ముత్యాన్ని పిలిపించారు.

"మూడేండ్లల ఒక్కసారి గూడ మిల్లు ఆగలే మామా. ఇగ ఫిట్టరెందుకు? చెడిపోతె బయటోన్ని పిలుద్దాం. ఆ తొట్ల సరుకు గూడ ఊకెనే పడున్నది, అమ్మేద్దాం" అన్నాడు అరవింద్.

ముత్యానికి నవ్వొచ్చింది. "వందసార్లు ఆగింది సేటు. మీకు తెల్వనియ్యలే."

"రాసినవా?" సేటు రిజిస్టరు తిప్పాడు. అన్నీ తెల్ల కాగితాలే.

అంతలో మిల్లు చప్పుడు మారింది. పొట్టు మిషన్ బెల్టు తెగిందని ముత్యం చెవికి తెలిసింది. ఈ మహానుభావులిద్దరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఇక్కడే కదలకుండా కూర్చుంటే చాలు, తొట్టి ఖాళీ అవుతుంది, లారీ నిలబడిపోతుంది, నౌకరి దక్కుతుంది. కూర్చున్నాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. చేతులు దురద పెట్టాయి. ఈ దద్దమ్మల కోసం తన మిల్లు ఆగడమా! "ఇప్పుడే వస్త" అని లేచాడు.

పావుగంటలో కొత్త బెల్టు ఎక్కించి, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. బయట లారీ నిండుతూనే ఉంది.

"చూసినవా మామా," అన్నాడు అరవింద్, "మనం ముచ్చట పెట్టినంతసేపు గూడ ఆగలే."

సేటు తలూపి, ముత్యం వైపు తిరిగాడు. "రేపటి సంది రాకు."