సుత్తి కింద ఖాళీ

చక్రధర్ గారు ఏదీ పూర్తిగా నింపరు. ఇడ్లీ పాత్రలో ఒక గుంట వదిలేసి పిండి పోస్తారు. ఏడుగురు పట్టే బండిలో ఆరుగురినే ఎక్కించుకుంటారు. ఏడోవాడు సొంత మామగారైనా సరే, బస్సులో రావలసిందే. ఎందుకండీ అంటే ఒకటే జవాబు: "సుత్తి కింద ఖాళీ ఉండాలండీ!"

ఈ పిచ్చి ఆయనకు కెనడాలో, టొరంటో నగరం స్కార్‌బరోలో, 2022 వేసవిలో పట్టుకుంది. అప్పటిదాకా నార్త్ యార్క్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసుకునే బుద్ధిమంతుడు. ఒకే ఒక్క మోజు ఉండేది. నూటయాభై ఏళ్ళ కిందటి అమెరికన్ రివాల్వర్‌ను ఇటలీవాళ్ళు ఇప్పటికీ అచ్చు అలాగే తయారుచేస్తారు. పేరుకే నకలు, నిజంగా పేలుతుంది. అది కొనాలని కోర్సు చేశారు, లైసెన్సు తెచ్చుకున్నారు, షూటింగ్ క్లబ్బులో చేరారు. ఆపైన ఏళ్ళ తరబడి "వచ్చే నెల చూద్దాం" అంటూ గడిపేశారు. ఇక చేతి తుపాకుల అమ్మకాలు ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించిన మర్నాడు పొద్దున్నే నాకు ఫోను.

"బయల్దేరండి! ఇప్పుడు కొనకపోతే ఈ జన్మలో కొనలేను!"

దుకాణం ముందు లైను వీధి మలుపు దాకా ఉంది. చక్రధర్ గారు పెళ్ళికి వచ్చినట్టు కొత్త చొక్కా వేసుకొచ్చారు. లోపల ముసలి దుకాణదారు పెట్టె తెరిచాడు. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు తేలినట్టు ఉక్కు మీద నీలం, ఊదా, గోధుమ రంగులు. నున్నటి వాల్‌నట్ చెక్క పిడి. చక్రధర్ గారు ఊపిరి బిగబట్టి, తూటాను కొట్టి పేల్చే సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగారు. క్లిక్, క్లిక్, క్లిక్, క్లిక్.

"విన్నారా? నాలుగు! దేని స్వరం దానిదే!"

"తాళం తీసినట్టుంది."

"మీకు సంగీతం రాదు లెండి."

కళ్ళు మూసుకుని మళ్ళీ లాగారు. మళ్ళీ. మా వెనకాయన "ఈయన కొంటాడా, కచేరీ పెడతాడా?" అని ఇంగ్లీషులో గొణిగాడు.

డబ్బు కట్టాక దుకాణదారు ఒక హెచ్చరిక చేశాడు. ఈ పాత పద్ధతి రివాల్వర్‌లో సుత్తి నేరుగా తూటా మీదే ఆనుతుంది, చెయ్యి జారి కింద పడితే పేలొచ్చు. అందుకని తూటాల అరలు ఆరున్నా ఐదే నింపాలి, సుత్తి కింది అర ఖాళీగా వదలాలి. అందరూ విని తలూపే మాట అది. చక్రధర్ గారు మంత్రోపదేశంలా పుచ్చుకున్నారు. రిజిస్ట్రేషన్ అయి రివాల్వర్ ఇంటికి రావడానికి వారాలు పట్టింది. సిద్ధాంతం మాత్రం ఆ సాయంత్రమే ఇంటికొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే మన విద్యార్థులు విమానాలు విమానాలుగా దిగుతున్నారు. స్కార్‌బరోలో ఇళ్ళ కింది బేస్‌మెంట్లలో పరుపు పక్కన పరుపు, కాలు పెట్టే సందు లేదు. చక్రధర్ గారింట్లో గదులు ఆరు. బేస్‌మెంట్లో రెండు అద్దెకిచ్చి మూడోదానికి తాళం వేశారు. మోకాళ్ళ నొప్పితో ఆ మెట్లు దిగని భార్య శ్యామల గారికి ఒళ్ళు మండింది.

"ఊరంతా గదుల్లేక అల్లాడుతుంటే మీరు తాళం వేస్తారా?"

"అన్నీ నింపితే ప్రమాదం శ్యామలా."

"ఇల్లు చెయ్యి జారి కింద పడుతుందా?"

పైగా ఆ ఖాళీ గది దుప్పట్లు ఆయన వారం వారం పైకి తెచ్చి ఉతకడానికి వేసేవారు. "మనిషి లేని గదిలో దుప్పట్లు ఎలా మాస్తాయండీ?" అంటే "దుమ్ము" అనేవారు.

అక్టోబరులో నిషేధం అమల్లోకి వచ్చింది. ఇక కొనడాలు లేవు. ఆ వారమే శ్యామల గారు తేల్చేశారు: "ఆ గదన్నా నిండాలి, ఆ తుపాకన్నా ఇల్లు దాటాలి."

శనివారం నేను వెళ్ళేసరికి చక్రధర్ గారు పైన, తుపాకీ దాచే ఇనప్పెట్టె ఉన్న గదిలో కూర్చుని రివాల్వర్‌ను గుడ్డతో తుడుస్తున్నారు. క్లిక్, క్లిక్, క్లిక్, క్లిక్. తర్వాత దానికి తాళం వేసి పెట్టెలో పెట్టారు.

"దుకాణంలో ఇచ్చేస్తాను. రండి."

"గది కోసం దీన్ని వదులుకుంటారా? మళ్ళీ దొరకదు కదండీ!"

ఆయన పెట్టె చంకన పెట్టుకున్నారు. శ్యామల గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "దీనికన్నా ఎక్కువైనది ఏముందో ఆ గదిలో" అంటూ ఆయన జేబులోంచి గది తాళంచెవి లాక్కుని, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగారు. వెనకే మేమూ.

తలుపు తెరిచారు. లోపల సూట్‌కేసు మీద కూర్చుని ఇడ్లీ తింటున్న కుర్రాడు దిగ్గున లేచి, ఇడ్లీతో సహా రెండు చేతులూ పైకెత్తాడు.

"దొంగను కాదాంటీ! స్టూడెంట్‌ను! రేవంత్ నా పేరు!"

"ఎవరు ఉండమన్నారు?"

"అంకులే. ఆన్‌లైన్ల రూం బుక్ చేసుకుని నిన్న దిగిన. ఆ అడ్రస్ కాడ రూం లేదాంటీ, కార్ వాష్ ఉంది. మా సీనియర్ అంకుల్ నంబర్ ఇచ్చిండు. ఆయన గూడ ఫస్ట్ ఈడనే దిగిండట. మస్తుమంది దిగిన్రట."

శ్యామల గారు భర్త వైపు తిరిగారు. "నేను వేసవి నుంచి ఉతుకుతున్న దుమ్ము ఇదా?"

"చెబితే నువ్వు జాలిపడి మొదటివాడినే ఉంచేసుకుంటావు" అని నసిగారు చక్రధర్ గారు. "గది నిండిపోతే రెండోవాడు ఎక్కడికి పోతాడు?"

శ్యామల గారు తాళంచెవి తిరిగి ఆయన చేతిలో పెట్టారు. తర్వాత, "ముందు ఆ చేతులు దించు నాయనా, ఇడ్లీ చల్లారిపోతుంది" అన్నారు. "మీరు ఆ పెట్టె తీసుకెళ్ళి లోపల పెట్టండి."

అంతలో చక్రధర్ గారి ఫోను మోగింది. ఎయిర్‌పోర్టు నుంచి ఎవరో అమ్మాయి. ఆయన బిక్కమొహం వేశారు. "ఇది నిండిపోయింది శ్యామలా..."

"పైన మీ తుపాకీ కచేరీ గది ఉందిగా. ఇనప్పెట్టె మన పడకగదిలోకి జరపండి."

మొన్న వాళ్ళింటికి టిఫినుకు వెళ్ళాను. బల్ల చుట్టూ కుర్రకారు కిక్కిరిసి ఉన్నారు. ఒక్క కుర్చీ ఖాళీగా కనిపించి కూర్చోబోయాను. వంటింట్లోంచి శ్యామల గారు గరిటె ఎత్తి కేకేశారు.

"అక్కడ వద్దు! సుత్తి కింద ఖాళీ ఉండాలండీ!"

నేను నిలబడే తిన్నాను.