నవ్వుతూ ఇచ్చిన సీటు

సాటి మనిషి మీద నమ్మకం మంచిదే. తెల్ల ప్యాంటు వేసుకున్న రోజు మాత్రం అది పనికిరాదు. ఈ ఒక్క ముక్క తెలియక, నందిగామలో మర్యాదస్తుల ఇంట్లో నా పరువు ఎలా తీసుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. క్లాసులో నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. పెళ్లిచూపులకు వెళ్తే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాణ్ణి. అలా రెండు సంబంధాలు పోయాయి. మూడోది నందిగామలో. అమ్మాయి సునీత, నర్సు. ఫొటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. సంబంధం తెచ్చిన మా పిన్ని ముందే ఫోన్‌ చేసి హెచ్చరించింది.

"ఒరేయ్, ఇదీ పోయిందంటే ఇంక నా వల్ల కాదు. ఈసారైనా నోరు తెరిచి నాలుగు మంచి మాటలు మాట్లాడు."

ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూనే బస్సెక్కాను. కాలు పెట్టే సందు లేదు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, ఒళ్లో సంచితో సహా లేచాడు.

"రా బాబూ, కూర్చో."

"అయ్యో, పెద్దవారు, మీరు కూర్చోండి."

"పర్లేదయ్యా. శుభ్రంగా తయారై ఎక్కడికో పోతున్నావు. నీకెందుకు ఈ నలుగుడు? కూర్చో."

ఆ నవ్వు చూడాలండీ! అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయనెవరో, అడక్కుండానే సీటు పెట్టాడు. కూర్చున్నాను. కింద చల్లగా తగిలింది. నా పిచ్చి మనసుకు అది మంచితనం తాలూకు చల్లదనం అనిపించింది. పక్క సీటావిడ నా వైపు వంగింది.

"బాబూ, ఆయన సంచిలో..."

"వద్దమ్మా. మంచి చేసిన మనిషిని అనుమానించకూడదు."

"అనుమానం కాదు నాయనా, ఆ సీటు..."

"అది సీటు కాదమ్మా, మనసు."

ఆవిడ నాకో దణ్ణం పెట్టి కళ్లు మూసుకుంది. ఆయన చిల్లకల్లులో దిగిపోయాడు, పేరైనా చెప్పకుండా. ఘాటుగా ఆవకాయ వాసన వస్తుంటే ఎవరిదో క్యారేజీ అనుకున్నాను. దేవుడే నాకు మాట్లాడ్డానికి విషయం ఇచ్చాడన్న ఆనందంలో ఉన్నాను మరి. నందిగామ వచ్చేసరికి ఉపన్యాసం సిద్ధం.

ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకులాగే ఉన్నాను. అమ్మాయి తండ్రి జాన్ మాస్టారు ఎదురొచ్చి, కొత్త సోఫాలో కూర్చోబెట్టారు. మీగడ రంగు సోఫా. పిన్ని అప్పటికే వచ్చి, మాట్లాడమని కళ్లతో సైగ చేస్తోంది.

"మాస్టారూ, లోకంలో ఇంకా మంచి మిగిలే ఉందండీ" అని మొదలుపెట్టి, ఆ నవ్వు, ఆ త్యాగం, పేరు చెప్పని ఆ గొప్పతనం, అన్నీ దంచాను. మాస్టారి కళ్లు చెమ్మగిల్లాయి. సునీత తలెత్తి నా వైపు చూసింది. సగం పెళ్లి అయిపోయిందనుకున్నాను.

"లేవండి, ప్రార్థన చేసుకుందాం" అన్నారు మాస్టారు. అందరం లేచి కళ్లు మూసుకున్నాం.

"ప్రభువా, ఈ బిడ్డకు సీటిచ్చిన ఆ సోదరుణ్ణి దీవించు. అటువంటివాళ్లని మా దారిలో ఇంకా ఇంకా పంపించు..."

"ఆమెన్" అన్నాను, అందరికంటే గట్టిగా. ఆ వెంటనే పిన్ని కేక.

"ఓరి నాయనో! ఏంట్రా ఆ ప్యాంటు? ఆ సోఫా చూడు!"

చూశాను. నేను కూర్చున్నంత మేరా ఎర్రటి నూనె. మాస్టారు వంగి, వేలితో తాకి, వాసన చూశారు.

"ఆవకాయ" అన్నారు, పాఠం చెప్పినట్టు.

సిగ్గుతో చచ్చిపోయాను. మూడో సంబంధమూ గంగలో కలిసిపోయిందనుకున్నాను. అప్పుడు సునీత మొదటిసారి నోరు తెరిచింది.

"మరి దిగేటప్పుడు ఆ సీటు ఖాళీగా వదిలేశారా అండీ?"

"లేదండీ. కంచికచర్ల వెళ్తున్న పెద్దాయన ఒకరు తెల్లపంచె కట్టుకుని నిలబడి ఉంటే... పిలిచి కూర్చోబెట్టా."

"నవ్వారా?"

"నవ్వానండీ."

అంతే, ఆ అమ్మాయి గోడ పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వింది.

"నాన్నా, ఈపాటికి కంచికచర్లలో ఎవరింట్లోనో ఈయన కోసం ప్రార్థన చేస్తుంటారు!"

సునీతతోనే నా పెళ్లయిందనుకోండి. అయినా పదిమంది ముందు ప్రమాణం చేస్తున్నాను. దానమిచ్చిన ఆవుకు పళ్లు ఎంచకూడదేమో గానీ, దానమిచ్చిన సీటును తడిమి, తుడిచి, వాసన చూడందే ఈ జన్మలో కూర్చోను. ముఖ్యంగా, ఎవరికీ నవ్వుతూ సీటివ్వను.