ఉస్తాద్ ఫరూక్‌ని లక్సర్ తీసుకెళ్లిన రోజులు

1993లో నేను మస్కట్‌లో ఒక ఆస్పత్రి డయాలిసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుని. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మెషీన్‌తో శుభ్రం చేసి తిరిగి ఒంట్లోకి పంపే చోటు అది. ఆరు మంచాలు, ఆరు మెషీన్లు. ఒక్కొక్కరూ వారానికి రెండుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకునేవారు. అందుకే మా దగ్గర పేషెంట్లు పేషెంట్లుగా మిగలరు. ఎవరింట్లో కూరలో ఉప్పు ఎక్కువైందో కూడా మాకు తెలిసిపోతుంది.

ఉస్తాద్ ఫరూక్ నిజ్వా అనే ఊరి నుంచి వచ్చేవారు. ఉస్తాద్ అంటే అరబ్బీలో మాస్టారు. ఆయన ఈజిప్టు మనిషి. నిజ్వా బడిలో పదకొండేళ్లు చరిత్ర చెప్పారు. సొంతూరు లక్సర్, నైలు నది ఒడ్డున వేల ఏళ్ల కిందట రాజులు ఏలిన పట్నం. మెషీన్ తిరుగుతున్నంతసేపూ ఆ ఊరి సంగతులే. భార్య సామియా పక్కన కూర్చుని, ఆయన మరిచిపోయిన పేర్లు అందించేది.

మంచం ఎక్కేముందు ప్రతివాళ్లకీ బరువు చూడాలి. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి అసలు బరువుని డ్రై వెయిట్ అంటాం. దానికన్నా ఎంత పెరిగితే అంత నీరు చేరినట్టు. ఒకరోజు బరువు చూసిన అటెండర్ లింగన్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. జగిత్యాల మనిషి.

"సిస్టరమ్మా, సారు నాలుగు కిలోలు ఎక్కువున్నడు. మస్తు నీళ్లు తాగిండు. జర గట్టిగ చెప్పుండ్రి."

ఆయనకు రోజుకు అర లీటరు నీళ్లే అనుమతి. నేను కోప్పడ్డాను. ఆయన తల వంచుకుని విన్నారు.

"కలలో నైలు నీళ్లు తాగాను సిస్టర్. మెలకువ వచ్చేసరికి వంటింట్లో ఉన్నాను, చేతిలో సీసా ఖాళీగా ఉంది" అన్నారు.

చిత్రమేమిటంటే, ఆయన్ని ఈ మంచం ఎక్కించింది ఆ నీళ్లే. చిన్నప్పుడు పొలం కాలువల్లో ఈత కొడుతుంటే ఒంట్లోకి దూరిన పురుగు మూత్రనాళాలను, చివరికి కిడ్నీలను తినేసింది. బిల్హార్జియా అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"మీ ఊళ్లో నది ఉందా సిస్టర్?"

"ఉంది. గోదావరి. మాది ధవళేశ్వరం."

"అయితే మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక్కసారి చూసొస్తాను. మీ డాక్టరుతో చెప్పండి."

డాక్టరుగారు ససేమిరా అన్నారు. రెండు డయాలిసిస్‌ల మధ్య నాలుగు రోజులకు మించి ఆగకూడదు, లక్సర్‌లో మెషీన్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. నెల రోజులు వెంటపడ్డాను. చివరికి కైరోలో ఒక ఆస్పత్రి ఆదివారం ఉదయానికి మంచం ఇస్తామంది. నర్సు వెంట ఉంటేనే పంపుతామన్నారు మా ఆస్పత్రివాళ్లు. ఇంటికి వెళ్దామని దాచుకున్న నా సెలవులోంచి వారం రోజులు రాసిచ్చాను.

బుధవారం డయాలిసిస్ చేయించుకుని, గురువారం సాయంత్రానికి లక్సర్‌లో దిగాం.

శుక్రవారం పొద్దున్నే ఆయన నన్ను ఆ పాత రాజులు కట్టిన గుడికి తీసుకెళ్లారు. తాటిచెట్లు చిన్నబోయే స్తంభాలు, ఒక్కోదాన్ని చుట్టూ పట్టుకోవాలంటే పదిమంది చాలరు. చక్రాల కుర్చీలో కూర్చునే, బడిపిల్లకి చెప్పినట్టు నాకు పాఠం చెప్పారు. సూర్యుడు పొడిచే తూర్పు ఒడ్డు బతికున్నవాళ్లదట, కుంకే పడమటి ఒడ్డు పోయినవాళ్లదట. ఆయన ఇల్లు పడమటి ఒడ్డున. లాంచీ దాటుతుంటే నాకు మా రేవు గుర్తొచ్చి ముఖం అటు తిప్పుకున్నాను. సామియా నా చెయ్యి పట్టుకుంది.

ఒడ్డు చేరగానే ఆయన బూట్లు విప్పబోయారు.

"ఉస్తాద్, నీళ్లలోకి వద్దు. ఆ పురుగు ఇంకా ఉండొచ్చు."

"అది నాకు చేయగలిగిందంతా చేసేసింది సిస్టర్. ఇంకేం మిగిలింది?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డయాలిసిస్ సూదులు గుచ్చే ఎడమచేతికి ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేశాను. కాలువ వైపు కాకుండా, ఆ పురుగు అంతగా నిలవని పారే నీటి దగ్గర కూర్చోబెట్టాం. మోకాళ్ల దాకా కాళ్లు నీళ్లలో పెట్టి ఆయన గంటసేపు అలాగే ఉన్నారు. ఒక్కసారీ దాహమని అనలేదు.

శనివారం పొద్దున సామాను సర్దుతుంటే చెప్పారు: "నేను రాను. ఇక్కడే ఉండిపోతాను."

సామియా చేతిలోని బట్టలు అలాగే జారిపోయాయి. ఉండిపోవడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. మెషీన్ లేకుండా పది రోజులు, మహా అయితే పదిహేను.

బతిమాలితే వినే మనిషి కాదు. అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అది మీ ఇష్టం ఉస్తాద్. కానీ అది నిద్రలో పోయినట్టు ఉండదు. ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. మంచం మీదే మునిగిపోతున్నట్టు ఉంటుంది. అదంతా ఈవిడ చూడాలి, ఒక్కతే. నేను చాలామందిని అలా చూశాను."

ఆయన చాలాసేపు సామియా వైపే చూశారు. తర్వాత, "విమానం ఎన్నింటికి?" అని అడిగారు.

వెనక్కి తీసుకొచ్చాను. ఒక్కసారి చూసొస్తే ఆ బెంగ తీరుతుందనుకున్నాను. తీరలేదు, పెరిగింది. ఆ తర్వాత ఏడాదిన్నర పైగా బతికారు. సూది గుచ్చిన ప్రతిసారీ "ఇంకోసారి వెళ్దామా?" అనేవారు. నేను "చూద్దాం" అనేదాన్ని. ఆ రెండోసారి రాలేదు. చివరికి పెట్టెలో వెళ్లారు. కాగితాలు నేనే సిద్ధం చేశాను. వెళ్లేముందు సామియా నన్ను కావలించుకుని, "ఆ ఏడాదిన్నర నువ్వే నాకు ఇచ్చావు" అంది. నాకు ఇచ్చావు అంది, ఆయనకు ఇచ్చావు అనలేదు.

ఆ మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. మనిషిని బతికించడం మాకు నేర్పారు. ఎక్కడ బతకాలో, ఎవరి కోసం బతకాలో తేల్చడం మాకు ఎవరూ నేర్పలేదు, అది మా పని కూడా కాదు. ఆ రోజు నేను చేయగలిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. ఆయన ఆ నది వైపు కాక ఆవిడ వైపు చూశారు. తేల్చుకున్నది ఆయనే.

ఆ తర్వాత నా దగ్గరికి ఎంత మంది కొత్త పేషెంట్లు వచ్చినా, బరువు చూడకముందే ఒక మాట అడగడం అలవాటైంది: "మీది ఏ ఊరు?" అడిగి, చెప్పేది పూర్తయ్యేదాకా గడియారం వైపు చూడను.