బక్కదాని సాలు

నారు పెద్దమ్మ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి మిరప నారు, టమాటా నారు పెంచి అమ్మిన మనిషి. బక్క మొక్క కంటపడితే చాలు, ఎవరితో మాట్లాడుతున్నా సరే, చెయ్యి దాన్ని పీకి పారేసేది. నారుమడి ఉన్న చోట మేడలు లేచాక మొక్కజొన్న పరిశోధన క్షేత్రంలో పనికి కుదిరింది. మొదటిరోజే మతిపోయింది.

"పెద్దమ్మా, ఏపుగా ఉన్నవి పీకెయ్యండి, బక్కవి ఉంచండి," అంది పని చూసే అమ్మాయి.

"నన్ను ఆటపట్టిస్తున్నావా అమ్మాయ్?"

అమ్మాయి గట్టుమీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ఈ మొక్కలకు తల్లి పోలికే గానీ తండ్రి పోలిక ఉండదు. సగం సొత్తుతో పుట్టినవి కనుక నీరసంగా ఉంటాయి. మొలకప్పుడే మందు పట్టించి ఆ సగాన్ని రెట్టింపు చేస్తారు. మందు పనిచేసి, మొక్క తన పుప్పొడితోనే గింజ కడితే, ఏడెనిమిది పంటలు తిప్పితేగాని రాని స్వచ్ఛమైన రకం ఇట్టే చేతికొస్తుంది. ఏపుగా లేచినవి, గింజలు ఏరేటప్పుడు పొరపాటున కలిసిన మామూలు మొక్కలు.

పెద్దమ్మ తలైతే ఊపింది గానీ చేతులు రాలేదు. చివరి సాలులో నిగనిగలాడే మొక్కనొకదాన్ని చూసీ చూడనట్టు వదిలేసింది. దాని నీడన బక్కవి ఒక్కొక్కటే చచ్చాయి. పాలిపోయిన మొక్క ఒక్కటే మిగిలింది. అదీ పోతే అలాంటిది మళ్లీ పుట్టదు.

"దీని ఉసురు నాకే తగులుతుంది," అనుకుంటూ పెద్దమ్మ ఆ ఏపైనదాన్ని వేళ్లతో సహా పెకలించింది. బక్కదానికి పుల్ల కట్టింది, చెంబుతో నీళ్లు పోసింది. తలమీద జల్లు, అదే మగపూత, వేశాక దానికి సంచి కట్టి దులిపితే చిటికెడు పుప్పొడి కూడా రాలలేదు. ఆ కాస్తే కంకి పీచుమీద చల్లారు. కంకిలో అక్కడొకటి ఇక్కడొకటి గింజ పడింది, అంతే. పెద్దమ్మ మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది.

మరుసటి పంటకు ఆ గింజలే సాలయ్యాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే అచ్చు. మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం డబ్బా పట్టుకుని అటు నడిస్తే, "మనవరాలి దగ్గరికేనా?" అని తోటివాళ్లు నవ్వేవాళ్లు.

ఎండకు ఏవి తట్టుకుంటాయో చూడాలని ఆ పంటలోనే నీళ్లు ఆపేశారు. పొద్దెక్కకముందే పెద్దమ్మ సాలులో ఆకులు చుట్టుకుపోయాయి. పక్క సాలు పొట్టిదే, కానీ ఆకు విప్పుకునే ఉంది.

అమ్మాయి చేతిలో ఎర్ర రిబ్బన్లున్నాయి, తీసెయ్యాల్సిన సాళ్లకు కట్టడానికి. పెద్దమ్మ ముఖం చూసి ఆగిపోయింది. "వచ్చే పంటకు రెంటికీ చోటు లేదు పెద్దమ్మా. మీరంతగా అంటే దీన్నే ఉంచి, పక్కది తీసేస్తాను."

పెద్దమ్మ వంగి ఒక ఆకు విప్పి చూసింది. వదలగానే మళ్లీ చుట్టుకుంది.

"వద్దమ్మా, పక్కదే ఉంచు. ఇది రైతు కొంప ముంచుతుంది. ఆ రిబ్బను ఇలా ఇవ్వు, నేనే కడతా."

కట్టింది. కట్టి, అక్కడే నిలబడి ఏడ్చేసింది.

పెద్దమ్మ మోచేత్తో కళ్లు తుడుచుకుని, "నన్నేం చూస్తావ్? మిగతా సాళ్లు చూడు, పో. ఎండ ముదిరిందంటే అన్నీ ముడుచుకుంటాయి, ఏది గట్టిదో తెలిసి చావదు," అని కసిరింది.