పోశమ్మ ఇచ్చిన అడ్వాన్సు

పోశమ్మ చేసిన పని వినగానే నాకు ఒళ్లు మండింది. సూరత్‌లోని అమ్రోలీలో మిక్సీలు, కుట్టుమిషన్లు అమ్మే సేటు, "ఓవర్‌లాక్ మిషన్ స్టాకు లేదు, సగం కట్టి పేరు రాయించుకో, నాలుగు రోజుల్లో వస్తుంది" అన్నాడట. ఈ మహాతల్లి మొత్తం కట్టేసి వచ్చింది. వాడు అడక్కపోయినా!

"సగం ఇస్తే సగమే మనోడైతడు బిడ్డా. మొత్తం ఇచ్చిన. ఇగ యాడికి పోతడు?" అంది, ఏదో గెలిచొచ్చినదానిలా.

ఆ ధీమా ఎక్కడిదో నాకు తెలుసు. మా ఆయన రైల్వే ఉద్యోగం పుణ్యమా అని సూరత్ వచ్చినప్పటి నుంచి నా జాకెట్లు కుట్టేది పోశమ్మ కోడలు హారతే. కోసాడ్‌లో వాళ్లింటికి పోయి కూర్చుంటే పోశమ్మ కథలకు అంతుండదు. పెళ్లైన కొత్తలో మొగుడు కనకయ్యతో సిరిసిల్ల నుంచి వచ్చింది. ఇక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లకు సేట్లు ముందే అడ్వాన్సు ఇస్తారు. అది తీరేదాకా ఆ మనిషి ఇంకో కార్ఖానా గడప తొక్కకూడదు. కూతురి ఆపరేషన్‌కని తీసుకున్న అడ్వాన్సు కింద కనకయ్య పదకొండేళ్లు ఒకే సేటు దగ్గర పడి ఉన్నాడు. పక్క కార్ఖానాలో కూలి ఎక్కువని తెలిసీ కదలలేదు. ఆ సాంచెల మోతకు చెవులు పోయాక ఇంటికొచ్చాడు. అందుకే డబ్బు పుచ్చుకున్నవాడే కట్టుబానిస అని పోశమ్మ నమ్మకం. కొట్లో వ్యవహారం దానికి తలకిందులని, డబ్బు కట్టినవాళ్లే ఇరుక్కుంటారని ఆమెకెవరు చెప్పాలి? నేను చెప్పాలి. కానీ నేనేం తక్కువ తిన్నానా? అదే కొట్లో గ్రైండర్‌కు డబ్బు కట్టి రెండు నెలలైంది. అది స్టాకులో లేదు. రెండు మెసేజ్‌లు పెట్టి, చదువుకున్నదాన్ని కదా, మర్యాదగా ఊరుకున్నాను.

పోశమ్మకు ఊరుకునే వీల్లేదు. ఒక కుర్తీల వ్యాపారి హారతికి మొదటి పెద్ద పని ఇస్తానన్నాడు. గుడ్డ అంచులు పోగులు రాకుండా కుట్టే ఆ మిషన్ సోమవారానికి ఇంట్లో ఉంటేనే సరుకు దింపుతాడు, లేకపోతే పని వేరేవాళ్లకు. మిషన్ కోసం కట్టింది చిన్న మొత్తమా? ఏళ్ల తరబడి ఇంటి ముందు కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించి కూడబెట్టుకున్నదంతా అందులోకి పోయింది.

నాలుగు రోజులు ఎనిమిదయ్యాయి. సేటు ఫోను ఎత్తడం మానేశాడు. శనివారం పొద్దున పోశమ్మ నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు పోయింది.

"పైనుంచే రాలేదు మాసీ, నేనేం చేసేది? వచ్చే వారం చూద్దాం" అన్నాడు సేటు.

పోశమ్మ స్టూలు లాక్కుని గల్లాపెట్టె పక్కన కూర్చుంది. కాసేపటికి ఒకాయన మిక్సీకి డబ్బు కట్టబోతూ ఫోను తీశాడు. పోశమ్మ తన హిందీలో అడ్డుపడింది. "ఆగు భయ్యా! ఈ సేటు నా పనిల ఉన్నడు. నా పని అయ్యేదాంక ఇంకొకరి పైసలు ముట్టొద్దు."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే, "ఇంతకీ మిక్సీ కొట్లో ఉందా?" అని అడిగాడు. సేటు ఫ్యాను వైపు చూశాడు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ అంతే. మధ్యాహ్నానికి సేటు రెండు చేతులూ జోడించి, "నీ డబ్బు నువ్వు తీసుకో తల్లీ" అన్నాడు.

తీసుకోమని నేను తొడ గిల్లాను. పోశమ్మ ఇంతెత్తున లేచింది. "పైసలు నా తాన ఉండె గద, నీకెందుకిచ్చిన? మా ఆయన అడ్వాన్సు వాపస్ ఇస్తనంటె గా సేటు తీస్కున్నడా? పని గావాలన్నడు. నాకూ గంతే. మిషన్ గావాలె!"

సేటు ఫోనందుకున్నాడు. ఒకచోట లేదన్నారు, ఇంకోచోట ధర ఎక్కువన్నారు. చివరికి వరాఛాలో ఎవరి దగ్గరో దొరికితే, పైడబ్బు తనే పెట్టుకుని మిషన్ టెంపోలో తెప్పించాడు. హమ్మయ్య అనుకునేలోపు పోశమ్మ నా మీద పడింది. "నీ గ్రైండర్ సంగతి అడగవేంది? బెల్లం కొట్టిన రాయి లెక్క నిలవడ్డవు!"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అడిగాను. గొంతు బాగానే లేచింది. మేం టెంపో ఎక్కేలోపు నా డబ్బు నా ఫోనులో పడింది.

సోమవారం నేనూ కోసాడ్ వెళ్లాను. వ్యాపారి మిషన్ చూసి, హారతి కుట్టిన అంచు చేత్తో లాగి చూసి, భేష్ అన్నాడు. అక్కడికక్కడే జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. "ఇరవై వేలు ఉంచుకో బేటీ, అడ్వాన్సు. ఇది తీరేదాకా నా పనే చెయ్యాలి."

హారతి ముఖం వెలిగిపోయింది, చెయ్యి చాచింది. పోశమ్మ ఆ మణికట్టు పట్టుకుని ఆపేసింది. మాటలేవీ వినపడని కనకయ్య మంచం మీద నుంచి ఆ నోట్లనే చూస్తున్నాడు.

"వద్దు సేటూ. కుట్టినంక, సరుకు తీస్కపోయేటప్పుడియ్యి."

"అందరూ అడిగి మరీ తీసుకుంటారు మాసీ, నువ్వేంటి వద్దంటావు?"

"మా ఇంట్ల ఒక్కడు కట్టువడ్డడు, సాలు" అంది పోశమ్మ.

వ్యాపారి నోట్లు జేబులో పెట్టుకుని, గుడ్డ మూటలు లోపలికి తెమ్మని డ్రైవరును కేకేశాడు.