టేపక్క మూయించిన అటక

ఆమెకి టేపక్క అనే పేరు గోడౌన్లోనే వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా అట్టపెట్టెలకి టేపు వేస్తూ, ఆ చుట్టని గాజులా మణికట్టుకి తొడుక్కుని తిరిగే మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆడపడుచుని కూడా తనే ఆ పనిలో పెట్టించింది. మోకాలు సరిగ్గా వంగని మనిషి కాబట్టి, చివరి బల్ల దగ్గర కూర్చుని లేబుళ్ళు అంటించే పని.

పోయినేడు గోడౌను వెనక కొత్త షెడ్డు కలిపారు. అందులో సగం ఎత్తున ఇనుప దూలాల మీద అటక వేసి, ప్యాకింగు వాళ్ళు పదకొండు మందినీ పైకెక్కించారు. ముందువైపు నడుమెత్తు కమ్మీలు తప్ప గోడ లేదు. కింద ఫోర్క్‌లిఫ్టు బండి పెట్టెలెత్తుతూ తిరిగితే దుమ్మంతా పైకే. దగ్గలేక టేపక్కే వెళ్ళి యజమానిని అడిగింది. అడగ్గా అడగ్గా ఆయన ప్లైవుడ్ పలకలతో ఆ వైపంతా మూయించి, మెట్ల దగ్గర ఒక తలుపు పెట్టించాడు. అందరూ ఆమెని మెచ్చుకున్నారు.

లైసెన్సు కోసం తనిఖీ అధికారి వచ్చి కొలతలు తీసినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు.

"ఇది ఎందుకు మూశారు?"

"వీళ్ళే సార్. దుమ్మని గోల పెడితే" అన్నాడు యజమాని.

అధికారి టేపక్క వైపు తిరిగాడు. "చూడమ్మా, తెరిచి ఉన్నంతకాలం ఈ అటక కింది గదిలో భాగం కిందే లెక్క. కింద నిప్పు రాజుకుంటే మీకు కనబడుతుంది, దిగిపోతారు. మూసేస్తే ఇది వేరే గది. ఆ చివర ఇంకో మెట్లదారి ఉండాలి. అది కట్టేదాకా, లేదంటే పలకలు తీసేదాకా పైకి ఎవరూ ఎక్కకూడదు."

ఆయన కారు గేటు దాటిందో లేదో, "నోటీసు వచ్చాక చూద్దాం. సాయంత్రానికి సరుకు వెళ్ళాలి, ఎక్కండి" అన్నాడు యజమాని.

ఎక్కారు. టేపక్క చేతులు పెట్టెల మీదున్నాయి గాని ప్రాణం తలుపు మీదే ఉంది. పొగ కమ్మితే ఎలాగో చూద్దామని, ఆడపడుచు బల్ల దగ్గర కళ్ళు మూసుకుని మెట్ల వైపు నడిచింది. సగం దూరంలోనే పెట్టెల దొంతర నుదుటికి తగిలింది.

"ఏంటి వదినా, దాగుడుమూతలా? ఈ వయసులోనా?"

"నువ్వు తలుపు దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఈ కాలుతోనా? మీరంతా వెళ్ళి అన్నాలు తినొచ్చేలోపు వస్తాలే."

అందరూ నవ్వారు, టేపక్క తప్ప.

మధ్యాహ్నం కాలిన వాసన వచ్చింది. పనిచేసే చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. పలకల అవతల ఏముందో ఎవరికీ తెలియదు. టేపక్క తలుపు తీయబోయి ఆగింది. అవతల మంటే ఉంటే? చెక్క మీద అరచేయి ఆనించి చూసింది. చల్లగానే ఉంది. తీసింది.

"ఫోర్క్‌లిఫ్టు మోటారు బెల్టు మాడిందక్కా, అంతే" అన్నాడు కింద నుంచి దాని డ్రైవరు.

వెనక్కి చూస్తే ఆడపడుచు ఇంకా రెండో బల్ల కూడా దాటలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

టేపక్క స్క్రూడ్రైవరు తెచ్చి మొదటి పలకకి పెట్టింది. అది మూడుసార్లు జారింది.

చప్పుడు విని యజమాని పైకొచ్చాడు. "మూయించమని ప్రాణం తీసింది నువ్వే కదా?"

"నేనేనయ్యా. కొరివితో తల గోక్కున్నాను. పీకేదీ నేనే."

"పని పోతుంది, ఆలోచించుకో."

ఆమె ఇంకో స్క్రూ తిప్పడం మొదలుపెట్టింది. ఇంతలో ఎవరో వచ్చి పలకని ఒక అంచున పట్టుకున్నారు, ఇంకెవరో రెండో అంచున. పలక ఊడింది. కింద మోటారు ఇంకా సన్నగా పొగలు కక్కుతోంది. అది పూర్తిగా ఆరేదాకా పదకొండు మందీ ఆ సందు దగ్గరే నిలబడి చూశారు.