తాబేలు పాటకు జవాబు

నిన్న పచ్చి అల్లం దంచుతుంటే ఆ ఘాటుకు ఎఫువాగారు గుర్తొచ్చారు. శనివారాలు పిల్లలకు కథ చెప్పేముందు గొంతు కోసం ఆవిడ అల్లం నీళ్లు తాగేవారు. ఘానాలో బడిలో పాఠాలు చెప్పి, అమెరికాలోని పిస్కాటవేలో కూతురి దగ్గర స్థిరపడిన మనిషి. 2008 ప్రాంతంలో నేను ఆవిడ కథలు చెప్పే లైబ్రరీలోనే జీతం లేకుండా పుస్తకాలు సర్దేదాన్ని. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. నా ఇంగ్లీషు యాసకు ఎవరైనా నవ్వుతారేమోనని నోరు విప్పేదాన్ని కాదు.

చిన్నప్పుడు తన నాయనమ్మ చెప్పిన కథను ఆవిడ పిల్లల పుస్తకంగా రాస్తున్నారు. ఒక తాబేలు డోలును మింగేస్తుంది. అది అడుగేసినప్పుడల్లా కడుపులో మోత, మోతకొక పాట. "పాట తొమ్మిదిసార్లు దేనికి? ఒక్కసారి చాలు" అంటూ పుస్తకం వేసే సంస్థ ఎడిటర్ మిగతావన్నీ కొట్టేసింది. ఆ కుదించిన ప్రతిని ఆవిడ ఒకరోజు నాకు చదివి వినిపిస్తున్నారు. నాకు తెలియకుండానే "ఊఁ, ఊఁ" అంటున్నాను.

ఆవిడ ఆగిపోయారు. "ఏమిటి సుధా ఆ చప్పుడు?"

"మా అమ్మమ్మ కథ చెబితే ఊఁ కొట్టాలండీ. లేకపోతే అక్కడే ఆపేసేది."

ఆవిడ ఒక్క ఉదుటున లేచి నా భుజాలు పట్టుకుని ఊపేశారు. "మా ఊళ్లోనూ అంతే! వినేవాళ్లు పలక్కపోతే కథ ముందుకు నడవదు. మరి ఈ కాగితాల్లో వాళ్లు పలకడానికి చోటేదీ?"

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కాగితాలు నేలమీద పరుచుకుని కూర్చున్నాం. పాట తొమ్మిదిసార్లూ తిరిగొచ్చింది. ప్రతిసారీ చివరి మాట మాత్రం రాయకుండా ఖాళీ వదిలాం. అది పిల్లల వంతు.

మేం మార్చి పంపిన ప్రతి చూసి ఎడిటర్ స్వయంగా వినడానికి వచ్చిన శనివారమే ఎఫువాగారి గొంతు పూర్తిగా పోయింది. కాగితాలు నా చేతిలో పెట్టి, "నువ్వే" అన్నట్టు పెదవులు కదిపారు. మొదలుపెట్టాను. "అడుగేసింది తాబేలు, కడుపు పలికింది..." అని ఆగాను. ఎవరూ పలకలేదు. ఎడిటర్ పెన్ను తీసింది. అప్పుడు ఎఫువాగారు వెనకనుంచి అరచేత్తో బల్లను ఒక్క చరుపు చరిచారు. పిల్లలంతా "డుమ్!" అని అరిచారు. రెండోసారి ఇంకా గట్టిగా. తొమ్మిదోసారికి ఎడిటర్ గొంతు కూడా వాళ్లలో కలిసిపోయింది. నా యాస సంగతి నాకే గుర్తులేదు. ఒక తెలుగు పిల్ల నా చున్నీ పట్టుకుని, "ఆంటీ, అగైన్ చెప్పు, ప్లీజ్!" అంది.

పుస్తకం ఆ ఖాళీలతోనే అచ్చయింది. ఎఫువాగారు ఇప్పుడు లేరు. నేను తెలుగులో పిల్లల కథలు రాస్తున్నాను. రాసిన ప్రతి కథనూ నిలబడి పైకి చదువుతాను. పిల్లల్ని పలకనీయకుండా నేనొక్కదాన్నే మాట్లాడే వాక్యం దొరికితే, ఎంత ముద్దొచ్చినా సరే, కొట్టేస్తాను.